సినిమాకు వెళ్లని ఇంట్లో సంఘ తగాదాల వీడియోలు చూడవచ్చునా?

ప్రశ్న: పాలకొల్లు విశ్వాసి

సహోదరులకు, సహోదరీలకు ప్రభువు నామమున వందనాలు. మాది పాలకొల్లు దగ్గర ఒక బ్రదరన్ సహవాసం. మిషనరీలైన విలియం బౌడెన్, జార్జి బీర్ కుటుంబాలు 1836లో మన దేశానికి వచ్చి నరసాపురం కేంద్రంగా సాగించిన పరిచర్య వల్ల డెల్టాలో ఏర్పడిన సంఘాలలో మాదీ ఒకటి కనుక, లోక వినోదం విషయంలో మా పెద్దలు ఎంత కచ్చితంగా ఉండేవారో ఈ ప్రాంతం వారికి వేరుగా చెప్పనక్కరలేదు. సినిమా హాలుకు వెళ్లినట్టు తెలిస్తే ఆ మనిషిని కొంతకాలం రొట్టె విరిచే ఆరాధనలో బల్లకు దూరంగా కూర్చోబెట్టేవారని మా నాన్నగారు చెప్పేవారు. సంక్రాంతికి భీమవరం చుట్టుపక్కల వేసే కోడిపందేల బరులకు గాని, రాత్రివేళ జరిగే రికార్డింగ్ డాన్సులకు గాని మా ఇంటి నుంచి ఎవరూ వెళ్లరు. కొత్త సినిమాలు కూడా ఆ పండుగ రోజులకే విడుదలవుతాయి కనుక అవీ అదే కోవలోనివని మా ఇంటి లెక్క.

ఇంటర్ చదువుతున్న మా అబ్బాయి ఈ మధ్య ఒక ప్రశ్న వేశాడు. స్నేహితులతో కలిసి రెండున్నర గంటల సినిమా చూస్తానంటే వద్దంటున్న ఇంట్లోనే, రాత్రి భోజనాలయ్యాక నాయనమ్మ, పెదనాన్న ఫోను ముందు కూర్చుని, ఒక పాస్టరుగారి మీద మరో పాస్టరుగారు చేసిన వీడియోనూ, దానికి జవాబుగా మొదటి ఆయన పెట్టిన లైవునూ, ఆ రెండింటి మీద మూడో మనిషి చేసే వ్యాఖ్యానాన్నీ వరుసగా చూస్తున్నారు కదా, అది వినోదం కాదా అని అడిగాడు. వాడు పొగరుగా అడగలేదు. మా అమ్మగారు మాత్రం "అవి సంఘ సంగతులురా, తెలుసుకోవాలి" అని ఒక్క ముక్కలో తేల్చేశారు.

సినిమా విషయంలో మా పెద్దలు గీసిన గీత సరైనదేనని నా నమ్మకం. దాన్ని చెరిపివేయాలా అన్నది నా ప్రశ్న కాదు. సంఘ వార్తలనే పేరుతో ఇప్పుడు ఫోనులోకి వచ్చిపడుతున్న దాన్ని ఆ గీతకు ఏ వైపున పెట్టాలి? అసలేమీ తెలుసుకోకుండా ఉండడమూ కుదరదు. మాకు బిషప్పు లేరు, కేంద్ర కార్యాలయం లేదు. ప్రతి సంఘమూ దేనికదే స్వతంత్రం. ఒకచోట జరిగింది మరొకచోట తెలియాలంటే ఎవరో ఒకరు చెప్పవలసిందే. అనుభవమున్న పెద్దలు, వేరే శాఖల విశ్వాసులైనా సరే, విడమరచి చెప్పగలరు.

జవాబు: అమలాపురం మాస్టారు

వందనాలు తమ్ముడూ. నేనూ బ్రదరన్ సహవాసంలోనే పుట్టి పెరిగినవాణ్ణి. సినిమా హాలులో అడుగుపెట్టకుండానే బడిపంతులుగా పదవీ విరమణ చేసినవాణ్ణి కనుక, నా మాట సినిమాను వెనకేసుకు రావడానికి అనుకోవద్దు. మీ అబ్బాయి అడిగినదానిలో న్యాయముంది. ఇంకొక మెట్టు ఎక్కి చెప్పాలంటే, ఆ వీడియోలు సినిమా కంటే ఎక్కువ కీడు చేస్తాయని నా అభిప్రాయం. సినిమాలో హతమైనవాడు మరుసటి నెల మరో సినిమాలో కనిపిస్తాడు. వీడియోలో పరువు పోయిన సేవకుడి భార్యాబిడ్డలు సోమవారం ఉదయం అదే ఊళ్లో బజారుకు వెళ్లాలి, అదే బడికి వెళ్లాలి. సినిమా కల్పితమని తెలిసే చూస్తాము. దీన్ని నిజమని నమ్మి చూస్తాము, నమ్మినదాన్ని పదిమందికి పంపుతాము.

ప్రదర్శనలను విశ్వాసులు విడిచిపెట్టాలనే వాదం కొత్తది కాదు. రమారమి క్రీ.శ. 200 ప్రాంతంలో ఆఫ్రికాలోని కార్తేజి నగరవాసి టెర్టుల్లియన్ ఈ విషయం మీదే ఒక గ్రంథం రాశాడు. బాప్తిస్మంలో సాతానునూ వాని ఆడంబరాన్నీ విసర్జించినవాడు రథాల పందేలకూ, నాటకాలకూ, మల్లుల పోరాటాలకూ ఎలా వెళతాడని ఆయన నిలదీశాడు. మన పెద్దల వాదానికి ఆయనే మూలపురుషుడనుకోవచ్చు. అయితే ఆ గ్రంథం చివరికి వచ్చేసరికి ఆయన తీర్పు దినాన్నే అన్నిటినీ మించిన ప్రదర్శనగా వర్ణించి, విశ్వాసులను హింసించిన అధికారులు అగ్నిలో పడడం చూసి తాను ఆనందిస్తానన్నంత దూరం వెళ్లాడు. రంగస్థలం వద్దన్న మనిషే పరుల పతనాన్ని రంగస్థలం మీదికి ఎక్కించాడు. సినిమా చూడని ఇళ్లలో తగాదాల వీడియోలకు ఇంత గిరాకీ ఎందుకుందో అర్థం చేసుకోవడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకలేదు.

సంఘ వార్త అనేదే తప్పా అంటే, ఎంతమాత్రమూ కాదు. పౌలు బర్నబాలు అంతియొకయకు తిరిగివచ్చి సంఘాన్ని సమకూర్చి, దేవుడు తమ ద్వారా చేసినవాటిని వివరించారని అపొస్తలుల కార్యములు 14వ అధ్యాయంలో ఉంది. చెడ్డ వార్తను సైతం పౌలు విన్నాడు. కొరింథులో కలహాలున్నాయని ఆయనకు తెలిసింది, వెంటనే ఆ సంఘానికే ఉత్తరం రాశాడు; ఆ సంగతి తనకు ఎవరు చెప్పారో కూడా దాచకుండా, క్లోయె యింటివారు చెప్పారని మొదటి అధ్యాయంలోనే బయటపెట్టాడు. ఎవరు చెప్పారన్నది తెలుసు, ఎవరికి చెప్పారన్నదీ తెలుసు. పైగా ఆ వార్త దిద్దుబాటు చేయగలిగినవాని దగ్గరికి వెళ్లింది. మీరు చెప్పిన వీడియోలలో ఈ మూడింటిలో ఏది ఉంది? చెప్పేవాడు ముఖం కనిపించకుండా గొంతు వినిపిస్తాడు, వినేవాడు నెల్లూరులోనో దుబాయిలోనో ఉంటాడు, దిద్దుబాటు చేయవలసిన పెద్దలకు సంగతి అందరికంటే ఆఖరున తెలుస్తుంది.

మన సంఘాలకు వార్తల అలవాటు మొదటినుంచీ ఉంది. నరసాపురం దొరలు, దొరసానులు రాసిన ఉత్తరాలు ఇంగ్లండులో బాత్ నగరం నుంచి వెలువడే 'ఎకోస్ ఆఫ్ సర్వీస్' పత్రికలో అచ్చయ్యేవి. ఆ పత్రిక 1872లో వేరే పేరుతో మొదలై, 1885 నుంచి ఈ పేరుతో నడిచింది. ఆ ఉత్తరాలలో కలరా వచ్చిన సంగతి ఉండేది, బాప్తిస్మాల సంగతి ఉండేది, పని సాగక నిరుత్సాహపడిన సంగతీ ఉండేది. ప్రతి ఉత్తరం కింద ఒక పేరు ఉండేది. పొరుగూరి సంఘానికి వెళ్లే విశ్వాసి చేతికి మనం ఈనాటికీ ఇచ్చే సిఫారసు ఉత్తరం కూడా, ఆలోచిస్తే, సంతకంతో పంపే సంఘ వార్తే.

ఇక ఆ వీడియోలు అంత సాగదీసి ఎందుకు ఉంటాయో మీ అమ్మగారికి ఒకసారి వివరించండి. యూట్యూబ్‌లో ప్రకటనల ఆదాయం రావాలంటే ఛానలుకు కనీసం 1,000 మంది చందాదారులు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ ఉండాలి. వీడియో 8 నిమిషాలు దాటితే మధ్యలో కూడా ప్రకటనలు పెట్టుకోవచ్చు. (పొట్టి వీడియోలకు వేరే లెక్క ఉంది, దాని జోలికి పోను.) రెండు వాక్యాలలో తేలిపోయే సంగతి "చివరి వరకు చూడండి" అంటూ ఇరవై నిమిషాలు నడవడానికీ, తగాదా తీరితే ఛానలుకు నష్టం కావడానికీ ఇదే కారణం. "కొండెగాని మాటలు రుచిగల భోజ్యములు" అని సామెతల గ్రంథం ఊరికే అనలేదు. వాది మాట విన్నప్పుడు అది న్యాయంగానే కనబడుతుందనీ, ఎదుటివాడు వచ్చాక గాని సంగతి తేటపడదనీ ఆ గ్రంథం 18వ అధ్యాయంలోనే ఉంది.

జవాబు: రాజమండ్రి లూథరన్

మాస్టారుగారికి నమస్కారం. సంఘ వార్తల విషయంలో మీతో ఏకీభవిస్తాను. సినిమా విషయంలో మాత్రం అన్నిటినీ ఒకే గాటన కట్టడానికి నాకు మనసొప్పదు. 1978లో విజయచందర్ యేసుక్రీస్తుగా నటించిన కరుణామయుడు వచ్చినప్పుడు, అప్పటిదాకా హాలు ముఖం చూడని ఇళ్లవారు కూడా ఎడ్లబండ్లు కట్టుకుని వెళ్లారని మా పెద్దలు చెప్పేవారు. ఆ తరువాత అదే చిత్రాన్ని సువార్త బృందాలు ఊరూరా తెర కట్టి, చిన్న ప్రొజెక్టరుతో వేసి చూపించాయి. సినిమా అనే సాధనమే పాపమైతే ఆ తెర కూడా పాపమే కావాలి. కాదంటే, ఏ సినిమా, ఎవరికి, ఏ వయసులో అన్న వివేచన తప్పనిసరి అవుతుంది. ఫిలిప్పీయులకు రాసిన పత్రిక 4:8లో అపొస్తలుడు చెప్పినవి, అంటే సత్యమైనవి, మాన్యమైనవి, న్యాయమైనవి, పవిత్రమైనవి, రమ్యమైనవి అన్న కొలతలు పట్టుకుని చూస్తే నూటికి తొంభై సినిమాలు నిలబడవని నేనూ ఒప్పుకుంటాను. నిలబడే పదింటిని కూడా తోసిపుచ్చడం మాత్రం సరికాదంటాను.

కుర్రవాడు ఇంటర్ చదువుతున్నాడన్నారు కనుక ఒక ఉపయోగపడే సంగతి. 2023లో సినిమాటోగ్రఫీ చట్టాన్ని సవరించి, పెద్దల తోడుతో పిల్లలు చూడదగిన చిత్రాలకిచ్చే యూఏ సర్టిఫికెట్టును వయసునుబట్టి 7+, 13+, 16+ అని మూడుగా విడదీశారు. ఆ అంకె పోస్టరు మీదనే ఉంటుంది. ఆ సెన్సారు బోర్డు లెక్క విశ్వాసి లెక్కకు సరిపోతుందని నేననను, కానీ తండ్రీ కొడుకుల మధ్య మాట మొదలుపెట్టడానికి అది పనికివస్తుంది. సంఘ తగాదా వీడియోకు ఆ మాత్రం ముద్ర కూడా లేదు. అందులోని మాటలను ఎనిమిదేళ్ల పిల్ల కూడా నాయనమ్మ పక్కన కూర్చుని వింటుంది.

పాటల విషయంలోనూ మన సంప్రదాయవాదులు కొంత నిదానించాలి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే ప్రతి కీర్తన మీదా రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటి కవులు ఈ నేల మీద జనం పాడుకునే పద్ధతిలోనే రాశారు కనుకే ఆ కీర్తనలు నిలిచాయి. మన సువార్తికులు బుర్రకథలు చెప్పారు, హరికథ పద్ధతిలో క్రీస్తు కథ చెప్పారు. అయితే ఇప్పుడు సెమీ క్రిస్మస్ పేరుతో డిసెంబరు మొదటి వారం నుంచే డీజే పెట్టించి, సినిమా పాట వరుసలో "హల్లెలూయ" ఇరికించి, చిన్నపిల్లల చేత హీరోయిన్ల నడకలు నడిపిస్తున్నారే, దానికి ఈ మాటలేవీ వర్తించవు. సినిమాకు వెళ్లడం తప్పని చెప్పే సంఘాలలోనే ఇది ఎక్కువగా కనిపిస్తున్నదని అంటే ఎవరికైనా కోపం వస్తుందేమో, రానివ్వండి.

జవాబు: కాకినాడ సహోదరి

అందరికీ వందనాలు. మాస్టారుగారు చదువుకున్నవారు, వారి మాటలలో తప్పు పట్టడానికి లేదు. కానీ ఆ మాటలన్నీ పెద్దల కుర్చీలో కూర్చున్నవారి వైపు నుంచి ఉన్నాయి. బెంచీ మీద కూర్చున్నవారి వైపు నుంచి కూడా ఒకసారి చూడాలి.

"ఇద్దరు ముగ్గురు సాక్షులు ఉంటేనే తప్ప పెద్దమీద దోషారోపణ అంగీకరింపకుము" అనే మాటను నేను చిన్నప్పటి నుంచి వింటున్నాను. తిమోతికి రాసిన మొదటి పత్రిక అయిదవ అధ్యాయంలో అది 19వ వచనం. దాని వెంటనే ఉన్న 20వ వచనాన్ని, అంటే ఇతరులు భయపడేలాగున పాపము చేయువారిని అందరి యెదుట గద్దించమన్న మాటను, ప్రసంగంలో విన్న గుర్తు నాకు లేదు. నాకు తెలిసిన ఒక సంఘంలో విధవరాండ్ర సహాయ నిధి లెక్క అడిగిన ఒక పెద్దావిడను "సాతాను ప్రేరేపణ" అని కూర్చోబెట్టారు. ఆమె క్లోయె యింటివారిలాగే సూటిగా, పేరు చెప్పుకుని, పెద్దల దగ్గరికే వెళ్లింది. ఉత్తరం రాయడానికి పౌలు దొరకలేదు, అంతే. చివరికి ఎవరో వీడియో పెట్టాక గాని ఆ లెక్క బయటకు రాలేదు. ఆ వీడియో చేసినవాడి ఉద్దేశం డబ్బే కావచ్చు. అది చూసి నేను సంతోషించలేదు; కానీ దాన్ని చూసినవారందరూ వినోదానికి చూశారని అంటే మాత్రం ఒప్పుకోలేను.

మరొక మాట ఇంకా స్పష్టంగా చెప్పాలి. పిల్లల మీద లైంగిక దాడి జరిగిందని తెలిసినప్పుడు అది సంఘ వార్త కాదు, పెద్దల సమావేశంలో తీర్చుకునే తగవు అంతకన్నా కాదు. 2012 నాటి పోక్సో చట్టంలోని 19వ సెక్షను ప్రకారం తెలిసినవారు ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోతే 21వ సెక్షను కింద శిక్ష ఉంది. "మత్తయి 18 ప్రకారం తప్పు చేసినవానితో ముందు ఒంటరిగా మాట్లాడుదాం" అని అక్కడ ఆలస్యం చేయడానికి వీల్లేదు. అలాగే విదేశీ విరాళాలు తీసుకునే సంస్థలు ఏటా ఎఫ్‌సీ-4 పత్రంలో ప్రభుత్వానికి లెక్క చూపాలి. ప్రభుత్వానికి చూపే లెక్కను సంఘానికి చూపడానికి అభ్యంతరమేమిటో నాకెప్పుడూ అర్థం కాలేదు.

1874లో కెనడా బాప్టిస్టు మిషనరీలు కాకినాడలో పరిచర్య మొదలుపెట్టారు. ఆ సంప్రదాయంలో పెరిగిన మాకు సభ్యుల సమావేశమే సంఘానికి పునాది అని నేర్పారు. ఆ సమావేశంలో అడగవలసినవి అడగనిచ్చి, జవాబు చెప్పి ఉంటే, మీ అమ్మగారు ఫోనులో చూడవలసిన అవసరం సగం తగ్గేది. మిగిలిన సగం వినోదమే, దాన్ని నేను కాదనను.

జవాబు: ఏలూరు మేత్రాసనం వాడిని

కథోలికుణ్ణి కనుక క్లుప్తంగా చెబుతాను. మా సంప్రదాయం సినిమాను పూర్తిగా నిషేధించలేదు, వర్గీకరించి చూడమంది. పదకొండవ పయస్ పోపుగారు 1936లోనే సినిమాల మీద లేఖ రాసి, నీతికి విరుద్ధమైన చిత్రాలకు దూరంగా ఉంటామని విశ్వాసులు ఏటా ప్రమాణం చేయాలనీ, ఏ చిత్రం ఎవరు చూడదగినదో చెప్పడానికి ప్రతి దేశంలో ఒక కార్యాలయం ఉండాలనీ కోరారు. రెండవ వాటికన్ మహాసభ 1963 డిసెంబరు 4న ప్రసార సాధనాల మీద ఇచ్చిన శాసనంలో, సంగతులు తెలుసుకునే హక్కు మనుషులకు ఉందని ఒప్పుకుంటూనే, చెప్పేది సత్యంగా, వీలైనంత సంపూర్ణంగా, న్యాయానికీ ప్రేమకూ లోబడి ఉండాలని షరతు పెట్టింది. కాకినాడ సహోదరిగారు చెప్పినదీ, మాస్టారుగారు చెప్పినదీ ఆ ఒక్క షరతులో ఇముడుతాయని నాకనిపిస్తుంది.

వార్త ఎక్కడ ఆగి కల్పన ఎక్కడ మొదలవుతుందో 2025 మే నెలలో మా విచారణలో, అంటే మా స్థానిక కథోలిక సంఘంలో, బాగా తెలిసింది. ఫ్రాన్సిస్ పోపుగారు ఏప్రిల్ 21న కన్నుమూశాక, మే 7, 8 తేదీలలో 133 మంది కార్డినల్స్ సమావేశమై పద్నాల్గవ లియో పోపుగారిని ఎన్నుకున్నారు. హైదరాబాదు అగ్రపీఠాధిపతి, 2022లో కార్డినల్ అయిన పూల ఆంథోనీగారు కూడా అందులో ఓటువేసినవారే కనుక మా ఇళ్లలో ఆసక్తి సహజంగానే ఎక్కువగా ఉంది. లోపలికి వెళ్లేవారు రహస్యం పాటిస్తామని ప్రమాణం చేసి తలుపులు వేసుకుంటారు. అయినా ఎవరికి ఎన్ని ఓట్లు పడ్డాయో, ఎవరు ఎవరితో జట్టుకట్టారో చూసినట్టుగా చెప్పే వీడియోలు మా వాట్సాప్ బృందంలో తిరిగాయి. మా గురువుగారు ఆదివారం పూజ తరువాత ఒక్కటే అడిగారు: "ఈ సంగతి చెప్పినవానికి ఎవరు చెప్పి ఉంటారు?" ఆ వారం పంపకాలు చాలావరకు తగ్గాయి. ఆ తరువాత మళ్లీ మొదలయ్యాయి, అది వేరే సంగతి.

తిరిగి: పాలకొల్లు విశ్వాసి

అందరికీ కృతజ్ఞతలు. మాస్టారుగారు చెప్పిన మూడు ప్రశ్నలనూ, అంటే ఎవరు చెప్పారు, ఎవరికి చెప్పారు, దిద్దగలిగినవారికి చేరిందా అన్నవాటిని, మా అమ్మగారి ముందు పెట్టాను. "అయితే నేను చూసేవాటిలో ఏదీ నిలవదు" అని నవ్వి, ఆ రాత్రి మాత్రం పాత ప్రసంగం పెట్టించుకున్నారు. మా అబ్బాయికి సినిమా హాలు విషయంలో నా జవాబు మారలేదు. లూథరన్ సహోదరుడుగారి వాదం బలమైనదేనని ఒప్పుకుంటాను. కానీ ఊరూరా తెర కట్టి ఒక చిత్రం చూపడమూ, సంక్రాంతి వారం టిక్కెట్ల కోసం కొట్టుకోవడమూ ఒకే సాధనమైనా ఒకే సందర్భం కావు. కోరిక పుట్టించడమే వ్యాపారమైనచోటికి పిల్లవాణ్ణి నా చేతులతో నేను పంపలేను. పద్దెనిమిదేళ్లు నిండాక వాడి మనస్సాక్షి వాడిది. ఇంట్లో ఫోను విషయంలో మాత్రం ఒకే నియమం పెద్దలకూ పిల్లలకూ వర్తించాలని వాడికి మాట ఇచ్చాను.

వచ్చే పెద్దల సమావేశంలో రెండు సంగతులు అడగాలనుకుంటున్నాను. డెల్టా సంఘాల వార్తలను నెలకొకసారి ఒక సహోదరుడు సేకరించి, ఎవరు చెప్పారో పేరుతో సహా ఆదివారం ఆరాధన తరువాత చదివి వినిపించాలన్నది ఒకటి. కానుకల లెక్క, ముఖ్యంగా బీదల సహాయం లెక్క, మూడు నెలలకొకసారి గోడ మీద అంటించాలన్నది రెండవది. కాకినాడ సహోదరిగారూ, ఈ రెండవది మీ మాట వల్లనే తోచింది. మీ అనుభవంలో దీన్ని పెద్దలకు నొప్పి కలగకుండా ఎలా అడగవచ్చు?

జవాబు: కాకినాడ సహోదరి

అన్నయ్యగారూ, నొప్పి కలగకుండా అడిగే పద్ధతి నాకు దొరకలేదు. ఒక సలహా మాత్రం ఇవ్వగలను. లెక్కల మాట ముందు అడగండి, వార్తల మాట తరువాత. వరుస మారితే వార్తల చదువుడికి అందరూ సంతోషంగా తలూపి, ప్రార్థన చేసి, రెండవ సంగతిని వచ్చే సమావేశానికి వేస్తారు. ఒంటరిగా వెళ్లకండి, మీతోపాటు ఒక స్త్రీని కూడా తీసుకువెళ్లండి. బీదల సహాయం ఎవరికి అందిందో, ఎవరికి అందలేదో మీ సంఘంలో మగవారి కంటే వారికే బాగా తెలిసి ఉంటుంది.